పాఠాలన్నీ వీడియోలుగా పెట్టేస్తే తరగతి గదిలో ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. కదిరి దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరి మీకు ఏడాది అయింది. ఈ సెమిస్టరు నుంచి ప్రతి యూనిట్‌నూ వీడియోగా తీసి కళాశాల ఎల్‌ఎంఎస్‌లో, అంటే ఆన్‌లైన్‌లో పాఠాలు ఉంచే వేదికలో, పెట్టమని యాజమాన్యం అడిగింది. పెడితే పిల్లలు తరగతికి రావడం మానేస్తారేమోనని ఒక భయం, పెట్టకపోతే యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన పాఠం ముందు మీది వెలవెలబోతుందేమోనని ఇంకో భయం. దీనికి తోడు ఇంటి దగ్గర రాసి తెచ్చే అసైన్‌మెంట్లన్నీ చాట్‌జీపీటీ రాతలే అయిపోయాయి. ఈ పరిస్థితిలో శ్రమ దేని మీద పెట్టాలి, కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగారు.

నేరుగా చెబుతాను. వీడియోలు పెట్టండి, కానీ చిన్నవి, కొన్నే పెట్టండి. మీ శ్రమలో నాలుగో వంతుకు మించి వాటికి వెచ్చించకండి. మిగిలిన ముప్పావు వంతు, పిల్లలు మీ ఎదుట కూర్చుని చేసే పనిని చూడడానికి, అక్కడికక్కడే సరిదిద్దడానికి ఉంచుకోండి. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు 26 ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నేను ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో) పీజీ చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఒక మంచి పుస్తకానికి ఒకటే ప్రతి ఉంటే, దాని కోసం వారాల తరబడి వరుసలో ఉండేవాళ్లం. అధ్యాపకుడు నల్లబల్ల మీద రాసిందే మాకు పుస్తకం. ఆ కొరత ఇప్పుడు లేదు. నేర్చుకున్నాడా లేదా అని పట్టి చూసే పని మాత్రం మునుపటికంటే కష్టమైంది, ఎందుకంటే అందుకు మనం ఇన్నాళ్లూ వాడిన కొలబద్దలు ఒక్కొక్కటిగా పనికిరాకుండా పోయాయి. మీ యాజమాన్యం మొదటి సంగతికి సిద్ధమవుతోంది, మీరు రెండోదానికి సిద్ధం కావాలి.

ముందు వీడియోల సంగతి, నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అందరిలాగే నేనూ కంగారుపడి, తరగతిలో చెప్పే పాఠాన్ని ఉన్నది ఉన్నట్టుగా 55 నిమిషాల వీడియోలుగా తీశాను. ఒక నెలలో ఇరవైకి పైగా తీసి, గొంతు పోగొట్టుకుని, పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను. సెలవుల్లో ఒకరోజు యూట్యూబ్ చూపించే గ్రాఫును, అంటే ఏ నిమిషం దగ్గర ఎంతమంది మిగిలారో చెప్పే గీతను, తెరిచి చూశాను. నాలుగో నిమిషానికే గీత కొండ మీంచి దిగినట్టు దిగిపోయింది. ఆ తర్వాత నేల మీద పాకుతూ వచ్చి, 31వ నిమిషం దగ్గర మాత్రం ఉన్నట్టుండి పైకి లేచింది. ఆ నిమిషంలో ఏముందా అని చూస్తే, పాత ప్రశ్నపత్రంలోని ఒక లెక్కను కాగితం మీద చేసి చూపించాను. పిల్లలు తక్కినదంతా దాటవేసి, నిఘంటువులో మాట వెతుక్కున్నట్టు ఆ ఒక్క లెక్కనే వెతుక్కుని వెళ్లారు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని తర్వాత తెలిసింది. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా చూసేవాళ్లలో సగం మందైనా ఆరు నిమిషాలకు మించి నిలవరని అందులో తేలింది. స్లయిడ్లు ఒకదాని తర్వాత ఒకటి చూపించే వీడియోలకంటే, చేత్తో గీస్తూ రాస్తూ చెప్పినవే ఎక్కువసేపు కూర్చోబెట్టాయని కూడా అదే అధ్యయనం చెబుతుంది. అందుచేత ఇప్పుడు నేను యూనిట్‌కు నాలుగైదు చిన్న వీడియోలే తీస్తాను. ఒక్కోటి ఆరేడు నిమిషాలు, ఒక్కోదాంట్లో ఒకే విషయం, లేదా ఒకే లెక్క. ఫోనును రెండు పుస్తకాల దొంతరల మధ్య పెట్టిన స్కేలు మీద కెమెరా కిందికి చూసేలా పెట్టి, కింద తెల్లకాగితం పెట్టి, నీలిరంగు పెన్నుతో రాస్తూ చెబుతాను. ముఖం కనిపించనక్కర్లేదు, చెయ్యి కనిపిస్తే చాలు. మధ్యలో గుర్తు తప్పేసి కొట్టివేస్తే ఆ కొట్టివేతను కూడా అలాగే ఉంచుతాను.

మొత్తం సిలబస్‌ను మీరే చెప్పాలన్న పట్టుదల వద్దు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్‌లోను, 2017లో వచ్చిన స్వయంలోను, అంటే ఈ రెండు ఆన్‌లైన్ కోర్సుల వేదికల్లోను, మంచి పాఠాలు బోలెడున్నాయి. వాటితో పోటీ పడనక్కర్లేదు. అక్కడ లేనివే మీరు తీయండి. మీ పిల్లలు ఎప్పుడూ తప్పు చేసే మెట్టు ఏది, మీ విశ్వవిద్యాలయం ప్రశ్నలు అడిగే తీరు ఏది, ఇంటర్‌లో తెలుగులో చదువుకుని వచ్చినవారు ఇంగ్లీషు పాఠంలో ఏ మాట దగ్గర ఆగిపోతారు, ఇవి మీకే తెలుస్తాయి.

డేటా గురించి ఒక మాట. మన జిల్లాల్లో ఇంటర్నెట్ చవకైందన్నది నిజమే గాని, ఇంటికొక ఫోను ఉన్నంత మాత్రాన పిల్లకొక ఫోను ఉన్నట్టు కాదు. రాయదుర్గం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని ఉండేది. ఫోను వాళ్ల నాన్నది. ఆయన పని నుంచి వచ్చి, భోంచేసి పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నరకు ఆమె చేతికి వచ్చేది, అప్పటికి ఆనాటి డేటా అయిపోయి ఉండేది. ఆమె చెప్పాకనే నేను ప్రతి వీడియోతో పాటు మాటలు మాత్రమే ఉన్న ఆడియోను కూడా వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. 32 కేబీపీఎస్‌లో పది నిమిషాల ఆడియో రెండున్నర ఎంబీలోపే ఉంటుంది. వేసవిలో విత్తనం కోసం బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలుస్తూ ఆ ఆడియోలు విన్నానని తర్వాత చెప్పింది. సమీకరణాలు చెవికెక్కవు కదా అని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. అందుకని ఆడియోలో సమీకరణం చెప్పడం మాని, "పుస్తకంలో ఫలానా పుట తెరిచి పెట్టుకో, రెండో సమీకరణంలో కుడివైపు చూడు" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. అలా చెప్పిన పాఠం వీడియో కంటే బాగా నిలిచిందని నా అనుమానం. పుస్తకం తెరవాల్సి వచ్చింది కాబట్టి.

ఇప్పుడు మీ మొదటి భయానికి వస్తాను. వీడియోలో ఉన్నదే తరగతిలోనూ చెబితే పిల్లలు రారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కల్యాణదుర్గం నుంచి పల్లెవెలుగు బస్సులో గంటన్నర నిలబడి వచ్చినవాడికి, ఇంట్లో పడుకుని వినగలిగినదాన్నే మళ్లీ వినిపించడం న్యాయం కాదు. తరగతిలో జరిగే పని ఇంట్లో జరగనిదై ఉండాలి. నా గంట ఇప్పుడు ఇలా నడుస్తుంది. మొదటి ఎనిమిది నిమిషాలు చిన్న పరీక్ష, దాంట్లో ఎక్కువమంది తప్పిన ప్రశ్న మీద పది నిమిషాల వివరణ, తర్వాత అరగంట పిల్లలే ఇద్దరిద్దరుగా కూర్చుని లెక్కలు చేయడం. నేను బల్లల మధ్య తిరుగుతాను. ఆ అరగంటలో నేను చేసే పని బయటివాళ్లకు పనిలా కనిపించదు. ఒక పిల్లవాడి భుజం మీదుగా నోటుపుస్తకంలోకి చూస్తాను, "ఇక్కడ కోణం దేనికీ దేనికీ మధ్య?" అని అడిగి ముందుకు కదులుతాను. సమాధానం చెప్పను. మళ్లీ తిరిగి వచ్చేసరికి చాలాసార్లు వాడే దిద్దుకుని ఉంటాడు.

చిన్న పరీక్షలు మార్కుల కోసం కాదు, జ్ఞాపకం కోసం పెట్టాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక పాఠ్యభాగాన్ని కొందరిచేత మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరిచేత ఒకసారి చదివించి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే మాత్రం రాసినవాళ్లే చాలా ఎక్కువ గుర్తుంచుకున్నారు. వీడియోను రెండుసార్లు చూసి "అర్థమైంది సార్" అనే పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు, ఆ ఐదో నిమిషంలో అతనికి నిజంగానే అర్థమైనట్టు ఉంటుంది. పరీక్ష హాలు మూడు నెలల దూరంలో ఉందన్నదే చిక్కు.

ఈ పరీక్షలకు గూగుల్ ఫామ్ చాలు. అయితే నేను పెట్టిన మొదటి పరీక్షలో తరగతి మొత్తానికి పదికి పది వచ్చాయి. నేను సంతోషించిన కాసేపటికే, ఒక పిల్లవాడు మొదటి నిమిషంలోనే జవాబుల స్క్రీన్‌షాట్‌ను వాళ్ల గ్రూపులో పెట్టాడని తెలిసింది. కోప్పడి లాభం లేదు. ప్రశ్నలోని సంఖ్యనే మనిషికొకటిగా మార్చేశాను. "మీ హాల్‌టికెట్ సంఖ్యలో చివరి రెండంకెలకు 50 కలపండి. ఆ మొత్తాన్ని సెంటీమీటర్లలో లఘులోలకం పొడవుగా తీసుకుని ఆవర్తన కాలం కనుక్కోండి" అని అడుగుతాను. చివర 17 ఉన్నవాడికి 67 సెంటీమీటర్లు వస్తాయి, జవాబు 1.64 సెకన్లు. చివర 42 ఉన్నవాడికి 92 సెంటీమీటర్లు, జవాబు 1.93. ఎక్సెల్‌లో ఒక వరుస ఫార్ములా రాసుకుంటే అందరి జవాబులూ మీకు ముందే సిద్ధంగా ఉంటాయి. ఇప్పుడు వాళ్లు ఒకరికొకరు పంపుకునేది జవాబు కాదు, చేసే పద్ధతి. అది పంపుకోవడమే నాకు కావలసింది.

ఒక హెచ్చరిక. ఇలా మొదలుపెట్టిన రెండో నెలలో నా మీద ఫిర్యాదు వెళ్లింది, "సార్ పాఠం చెప్పడం లేదు, మాచేతనే చేయిస్తున్నారు" అని. అప్పుడు నేను పనిచేస్తున్న కళాశాలలో పైవారు పిలిచి, నల్లబల్ల నిండా రాయమని సలహా ఇచ్చారు. మీకూ ఇది తప్పదు, ముందే సిద్ధంగా ఉండండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర విద్యార్థుల మీద చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సరిగ్గా ఇదే కనిపించింది. చక్కని ఉపన్యాసం విన్నవాళ్లకంటే తామే లెక్కలు చేసినవాళ్లు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించింది. కష్టపడడం అర్థం కాకపోవడంలా తోస్తుంది మరి. అందుకని సెమిస్టరు మొదటి రోజునే ఈ సంగతిని పిల్లలకు విడమరిచి చెప్పండి, మొదటి ఇంటర్నల్ మార్కులు వచ్చాక మళ్లీ చెప్పండి. ప్రిన్సిపల్‌కు కూడా మీరే ముందుగా చెప్పడం మంచిది.

ఇక అసైన్‌మెంట్ల విషయం. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే, కాబట్టి కాస్త విస్తారంగా చెబుతాను.

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. ఆ మరుసటి సంవత్సరానికే మా ప్రయోగశాల రికార్డుల్లో తేడా కనిపించింది. సంయుక్త లోలకంతో గురుత్వ త్వరణం కనుగొనే ప్రయోగం మీకు తెలిసిందే. ఒక రికార్డులో ఐదు వరుసల రీడింగులు ఉన్నాయి, ఐదింటికీ జవాబు 980.6కూ 980.7కూ (సెం.మీ./సె²) మధ్యనే ఉంది. చేతిరాత చక్కగా ఉంది, గ్రాఫు కూడా ముచ్చటగా ఉంది. అయితే 980.665 అనేది ప్రామాణికంగా అంగీకరించిన విలువ. అనంతపురం ఉన్న అక్షాంశం వల్ల, ఎత్తు వల్ల మన దగ్గర అసలు విలువ 978కి కాస్త అటూఇటూగా ఉంటుంది. అదీగాక మా స్టాప్‌వాచీలతో 20 డోలనాలకు దాదాపు 40 సెకన్లు కొలిచేటప్పుడు, చెయ్యి ఐదో వంతు సెకను ఆలస్యమైనా జవాబులో ఒక శాతం, అంటే పది యూనిట్ల దాకా తేడా వస్తుంది. నిజంగా కొలిచినవాడి పట్టికలో ఒక వరుసలో 969, మరో వరుసలో 991 ఉండాలి. తప్పులే లేకపోవడం వల్ల ఆ రికార్డు దొరికిపోయింది.

ఆ అబ్బాయిని పిలిచి తిట్టలేదు. లోలకం ముందు నిలబెట్టి, ఒక్క వరుస కొలవమన్నాను. 984 వచ్చింది. "ఇది తప్పా సార్?" అని అడిగాడు. అది తప్పు కాదని, నువ్వు కొలిచిందని, దాని పక్కన ఎంత అటూఇటూ కావచ్చో రాయాలని చెప్పాను. దోషాల అధ్యాయం అతనికి ఆ పూటే అర్థమైంది. ఏళ్ల తరబడి మేము రికార్డును "సరైన జవాబు" కోసం దిద్దుతూ వచ్చాం కాబట్టే పిల్లలు సరైన జవాబును కొనితెచ్చుకోవడం నేర్చారని నాకు అర్థమైంది. చాట్‌జీపీటీ రాకముందు సీనియర్ రికార్డు ఉండేది, అంతే తేడా.

కృత్రిమ మేధ రాసిందా అని కనిపెట్టే సాఫ్ట్‌వేర్లను నమ్మి ఎవరికీ మార్కులు కోయకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి సాధనాన్ని విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తేల్చాయి. సాదా మాటలతో, పొట్టి వాక్యాలతో జాగ్రత్తగా రాసే ఇంగ్లీషును అవి అనుమానిస్తాయి. మన పిల్లలు రాసే ఇంగ్లీషు అలాంటిదే. ధర్మవరం నుంచి వచ్చిన తెలుగు మాధ్యమం పిల్ల కష్టపడి సొంతంగా రాసుకున్న రెండు పుటలను యంత్రం మాట మీద దొంగరాతగా లెక్కకడితే, ఆమె మళ్లీ సొంతంగా రాయదు.

మరి ఏం చేయాలి? నేను ఇంటికిచ్చే రాతపనికి మార్కులు దాదాపు ఎత్తేశాను. అసైన్‌మెంట్‌ను ఎవరి సాయంతోనైనా చేసుకు రావచ్చు, కానీ మార్కులు నా ఎదుట మూడు నిమిషాల మౌఖికానికే. "ఈ మెట్టు ఎందుకు వేశావు? ఈ రాశిని రెట్టింపు చేస్తే జవాబు ఏమవుతుంది?" అని రెండు ప్రశ్నలు చాలు. అరవై మందికి మూడు గంటలు పడుతుంది. దాన్ని ఆరు రోజుల తరగతుల్లో, మిగిలినవాళ్లు లెక్కలు చేస్తుండగా పూర్తిచేస్తాను. ఇంకో పద్ధతి, చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబునే కాగితం మీద ముద్రించి ఇచ్చి, అందులో తప్పు పట్టమనడం. తప్పు లేని జవాబులను కూడా మధ్యలో కలుపుతాను, లేకపోతే ఊహించి ఏదో ఒకటి గీస్తారు. పిల్లలకు ఇది నచ్చింది. అంత ధీమాగా మాట్లాడేదాన్ని పట్టుకోవడంలో ఒక సరదా ఉంది.

యంత్రాన్ని అసలు వాడవద్దని నేను అనను. రాత్రి పదకొండింటికి సందేహం వచ్చిన పిల్లవాడికి అడగడానికి మనిషి దొరకడు, అది దొరుకుతుంది. ఇంగ్లీషు పేరాను తెలుగులో చెప్పమంటే చెబుతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. జడత్వ భ్రామకం (మొమెంట్ ఆఫ్ ఇనర్షియా) గురించి ఒక పిల్ల యంత్రం చేసిన అనువాదం తెచ్చింది, అందులో అంతటా "జడత్వ క్షణం" అని ఉంది. ఇంగ్లీషులో మొమెంట్ అన్న మాటకు క్షణమనే అర్థమూ ఉంది కాబట్టి యంత్రం దాన్నే పట్టుకుంది. ఆ పిల్ల దాన్ని నమ్మి, అదేదో కాలానికి సంబంధించిన రాశి అనుకుని, సెకన్లలో జవాబు రాసింది. స్ట్రెస్‌ను ప్రతిబలం అనవలసిన చోట ఒత్తిడి అని కూడా వస్తుంటుంది. అప్పటినుంచి యూనిట్ మొదట్లోనే ఇరవై పారిభాషిక పదాల చీటీ ఒకటి ఇస్తున్నాను. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో, దాని ఎదురుగా తెలుగు అకాడమీ పుస్తకాల్లోని మాట, ప్రమాణం రాసి ఉంటాయి. దాన్ని యంత్రానికి ముందుగా ఇచ్చి, ఈ మాటలే వాడమంటే చాలావరకు వింటుంది. మీరు తీసే వీడియోలకంటే ఈ చీటీలు మీ పిల్లలకు ఎక్కువ పనికొస్తాయని పందెం కాయగలను.

ప్రయోగశాల గురించి మీరు అడగలేదు, కానీ భౌతికశాస్త్రం కాబట్టి చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్ తెర మీద ప్రయోగం చూపించే వర్చువల్ ల్యాబులు, కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు ముందస్తు తయారీకి మంచివి. ఫెట్‌లో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. అయితే వాటిలో రీడింగులు చెదరవు, చెయ్యి వణకదు, ఫ్యాను గాలి తగలదు. వాటితో అసలు ప్రయోగాన్ని ఎత్తివేయడానికి మాత్రం ఒప్పుకోకండి. దానికంటే పిల్లల జేబులో ఉన్న ఫోనునే పరికరంగా మార్చండి. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వారు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోనులోని సెన్సర్లతో కొలుస్తుంది. దాంట్లో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. మొదటి చప్పుడుకు మొదలై, రెండో చప్పుడుకు ఆగుతుంది.

గురుత్వ త్వరణం కొలవడానికి, బల్ల అంచు బయటికి ఒక ఇనుప స్కేలును పెట్టి, దాని కొస మీద ఒక నట్టు ఉంచండి. స్కేలును ఇంకో ఇనుప ముక్కతో పక్కకు కొట్టండి. ఠంగుమన్న చప్పుడుకు గడియారం మొదలవుతుంది, నట్టు కింద పెట్టిన రేకు మీద పడ్డ చప్పుడుకు ఆగుతుంది. బల్ల 90 సెంటీమీటర్ల ఎత్తుంటే 0.43 సెకన్లు రావాలి. మేము మొదటిసారి చేసినప్పుడు ప్రతిసారీ పదో వంతు సెకను దగ్గరే ఆగిపోయింది. స్కేలు ఇంకా మోగుతూ ఉండడమే కారణమని పసిగట్టింది చివరి బెంచీలో కూర్చునే అబ్బాయి. యాప్‌లో కనీస విరామం పెంచితే సరిపోయింది. తర్వాత ఫోను ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చింది. నేల మీద, రేకు పక్కనే పెడితే మొదటి చప్పుడు దాదాపు మీటరు ప్రయాణించి రావాలి, దానికి మూడు మిల్లీసెకన్లు పడుతుంది, దానివల్లే జవాబు ఒక శాతానికి పైగా మారిపోతుంది. రెండు చప్పుళ్లకూ సమానదూరంలో, స్టూలు మీద పెట్టాలని వాళ్లే తేల్చుకున్నారు. ఆ గంటలో నేను నాలుగు వాక్యాలకంటే ఎక్కువ మాట్లాడలేదు.

స్వయం కోర్సుల క్రెడిట్ల గురించి మీ ప్రశ్న చివర్లో ఒక మాట అన్నారు. 2021 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకునే వీలును విశ్వవిద్యాలయాలు ఇవ్వవచ్చు. కాబట్టి మా ఉద్యోగాలు పోతాయేమో అన్నది మీ సందేహం. నేను చూసినంతలో, ఒంటరిగా వదిలేస్తే చేరిన పిల్లల్లో ఎక్కువమంది మూడో వారానికే జారిపోతారు. ఎన్‌పీటీఈఎల్ కోర్సులో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, చివరి పరీక్షకు 75 శాతం ఉంటాయి, ఆ పరీక్షకు వెయ్యి రూపాయల రుసుము కట్టాలి. వెయ్యి కట్టే ముందు మన పిల్లలు పదిసార్లు ఆలోచిస్తారు. వారానికి ఒక గంట నేను దగ్గర కూర్చుని ఆ అసైన్‌మెంట్లు చేయించిన ఏడాది చాలామంది చివరిదాకా నిలిచారు, వదిలేసిన ఏడాది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. పాఠం ఐఐటీ వారిదే, రెండేళ్లూ అదే కోర్సు.

మీ యాజమాన్యం మాత్రం కళాశాలల నాణ్యతను అంచనా వేసే నాక్ సంస్థకు చూపించడానికి ఎల్‌ఎంఎస్‌లో ఇన్ని లింకులు ఉండాలని పట్టుబట్టవచ్చు. ఆ లెక్కకు ఆరు నిమిషాల వీడియో కూడా ఒక లింకే, పదాల చీటీ కూడా ఒక లింకే, ఎనిమిది నిమిషాల పరీక్ష కూడా ఒక లింకే. దానితో గొడవ పడకండి.

చివరగా ల్యాప్‌టాప్. ఇప్పుడున్నది నడుస్తుంటే వద్దు. కాలరుకు తగిలించుకునే చిన్న మైకు కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. బొమ్మ మసకబారినా పిల్లలు సర్దుకుంటారు, మాట సరిగా వినబడకపోతే మూసేస్తారు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో అది ఉదయం ఆరింటి లోపే సాధ్యం, కాబట్టి తీయదలచుకున్న ఆ చిన్న వీడియోలన్నిటినీ జనవరిలోనే తీసి పెట్టుకోండి.